కోటు మీది ఆల్చిప్ప

కొత్తవాడలో ఖాజా మొహినుద్దీన్‌ను ఎరగనివాళ్లు రెండే రకాలు: నిన్న పుట్టినవాళ్లు, రెడీమేడ్ తొడిగేవాళ్లు. రెండో రకాన్ని ఆయన మనుషుల్లో కలపడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే గది, ఒకే కుట్టుమిషను, ఒకే మాట: "దర్జీ అన్నంక దర్జా ఉండాలె." పేరు ఖాజా, పేరు తెచ్చింది కాజా. గుండీ దూరే ఆ చిన్న కన్నాన్ని తనంత ముద్దుగా కుట్టేవాడు వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ జల్లెడ పట్టినా దొరకడని ఆయన నమ్మకం. కాజీపేటలో కాజీ ఉంటే ఉన్నాడేమో గాని కాజా మాత్రం నా దగ్గరే ఉన్నదంటాడు.

అంతటి మనిషికి మూడేళ్లుగా కాజాలను మించిన గర్వం ఒకటి పట్టుకుంది. దాని పేరు అఫ్సానా.

అఫ్సానా ఆయన ఒక్కగానొక్క కూతురు. హన్మకొండలో ఒక కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. చదివేది ఆల్చిప్పల మీద. రెండు నెలలకోసారి రైలెక్కి కోస్తాకు పోతుంది, అక్కడి జాలర్ల దగ్గర పచ్చ ఆల్చిప్పలు తీసుకుంటుంది, ఐసుపెట్టె భుజాన వేసుకుని వరంగల్ స్టేషన్లో దిగుతుంది. ఆ చిప్పల కడుపులో ప్లాస్టిక్ ఎంతుందో లెక్కపెట్టడం ఆమె పని. సంచులూ సీసాలూ కాదు. అవి అరిగి అరిగి, చిరిగి చిరిగి, కంటికి ఆననంత సన్నబడిన ముక్కలూ పోగులూ.

ఈ సంగతి కొత్తవాడ బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది. అందులో ఆరు నెలలు ఒక్క రాజమల్లుకే పట్టింది. రాజమల్లు ఎదురింట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. సగం నేత, సగం నస.

"ఏం ఖాజా భాయ్, బిడ్డ సముద్రం మీద చదువుతాందట. వరంగల్‌ల సముద్రమేడిది?"

"ధర్మసాగర్ చెరువు లేదా? సాగరమంటె సముద్రమే. నల్లా తిప్పితె నీ ఇంట్లకే వస్తాంది."

"సరే, చిప్పలేంది మరి? చిప్పల చదువు చదివితె ఆఖరుకు చేతికొచ్చేది గూడ చిప్పే."

"చిప్పల ముత్యముంటది రాజమల్లన్నా. నీ నెత్తిల ఏమున్నదో నువ్వు చూసుకో."

ఖాజా భార్య అనీస్ బేగం మాత్రం ఐసుపెట్టెను వంటింటి గడప దాటనివ్వలేదు. "మనం తినేది గాదు, వండేది గాదు, గంత దూరం నుంచి గా వాసన మోసుకొచ్చుడేంది బేటీ," అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

అఫ్సానా ఓపిగ్గా చెప్పేది. "చేపనైతె కడుపు తీసేసి తింటరు అమ్మీ. దీన్ని మొత్తానికి మొత్తం తింటరు. ఇది దినమంత నీళ్లు లోపలికి గుంజుతది, బయటికి ఇడుస్తది. నీళ్లల్ల ఏముంటె దీని కడుపుల గదే. మనం ఏం పారేసినమో మనం మర్చిపోయినా ఇది మర్చిపోదు."

"అంటె సముద్రానికి వడపోత గుడ్డ అన్నట్టు," అన్నాడు ఖాజా.

"గంతే అబ్బా," అని తండ్రికి తలూపింది అఫ్సానా.

గుడ్డ అన్నాక ఇక ఆయనకు అర్థం కానిదేముంది. ఆ రోజు నుంచి నడుము కొలత తీసేటప్పుడు ఒకరికీ, భుజం కొలత తీసేటప్పుడు ఇంకొకరికీ ఆల్చిప్ప పాఠం మొదలైంది. పైజామాకు కొలతిచ్చి పోదామని వచ్చినవాడు సముద్రం మొత్తం కొలుచుకుని పోయేవాడు.

ఆ చదువులో ఖాజా చెయ్యి కూడా పడింది. ల్యాబులో నైలాన్, పాలిస్టర్ బట్టలతో అడుగు పెట్టకూడదు. వాటినుంచి రాలే పోగు గిన్నెలో పడితే అది చిప్పలోంచి వచ్చిందో చొక్కాలోంచి వచ్చిందో తేలదు. అందరూ కాటన్ కోట్లే వేసుకోవాలని అఫ్సానాకు దారి చూపే సుప్రియ మేడం కట్టడి చేసింది. బజార్లో దొరికే కోట్లన్నీ కల్తీ గుడ్డవే.

"కాటనా," అన్నాడు ఖాజా, రంజాన్ నెలవంక కనపడ్డవాడిలా.

దళసరి తెల్ల కాటన్ తెచ్చాడు. రెండుసార్లు నానబెట్టి, ఎంత కుంచించుకుపోవాలో అంతా పోనిచ్చి, ఎండబెట్టి, అప్పుడు కత్తెర పెట్టాడు. చేతులు బిగుతు కాకుండా, మెడ జారకుండా, గుండీలకు తన చేతి కాజాలతో కుట్టిన కోటు చూసుకుని మురిశాడు. మురిసి ఊరుకుంటే ఖాజా ఎట్లా అవుతాడు. ఎడమ జేబు మీద మిలమిలలాడే నీలం దారంతో అఫ్సానా అని పేరు కుట్టాడు. పేరు కింద, ఫోన్లో బొమ్మ చూస్తూ, ఒక ఆల్చిప్ప కుట్టాడు.

"సమోసా మంచిగొచ్చింది భాయ్," అన్నాడు రాజమల్లు. "పక్కకు చాయ్ గ్లాసు గూడ కుట్టు."

ఆ జేబును ఫోటో తీయించి, పటం కట్టించి, మిషను పైన గోడకు తగిలించాడు ఖాజా. రెండేళ్లపాటు ఆ పటం చూడకుండా కొట్లోంచి ఒక్క ప్యాంటు కూడా బయటికి పోలేదు. రెండేళ్లలో కోటు ఎన్నో ఉతుకులు చూసింది. ఆల్చిప్ప అంచులు కాస్త నూగు పట్టాయి గాని మెరుపు పోలేదు. అసలైన కుట్టు అంటే ఇదీ అనుకున్నాడు.

ఒక సోమవారం సాయంత్రం అఫ్సానా కాలేజీ నుంచి వచ్చి ఇంట్లోకి పోకుండా కొట్టు గడప మీదే కూర్చుంది. టీ తెప్పిస్తే తాగలేదు. ఖాజా మిషను ఆపాడు. ఆ మిషను కుట్టు మధ్యలో ఆగడం వీధిలో అంతవరకు ఎవరూ వినలేదు.

"ఏమైంది బేటీ?"

"ఖాళీ గిన్నెల పోగులొస్తానయ్ అబ్బా."

విషయం ఇదీ. చిప్పల మాంసాన్ని మందు నీళ్లలో కరిగించి, ఆ నీళ్లను కాగితం మీద వడపోస్తారు. మిగిలిన పోగుల్ని సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. ప్రతిసారీ పక్కన ఇంకో గిన్నె పెడతారు. అందులో చిప్ప ఉండదు, ఉత్త మంచినీళ్లు. దానికీ అదే మందు, అదే వడపోత. అందులోంచి ఏమీ రాకూడదు. వచ్చిందంటే అది సముద్రంది కాదు, ల్యాబుది.

"అద్దం అసుంటిదన్నట్టు. మన మొఖం మనకు చూపెడ్తది," అన్నాడు ఖాజా.

"చూపెడ్తాంది. అన్ని నీలం పోగులే. మొదట్ల ఒకటో రెండో వస్తె గాలిల నుంచి పడ్డయనుకున్నం. ఇయ్యాల ఏడొచ్చినయ్. పాత కాగితాలు తీసి చూస్తె నెల నెలకు పెరుగుతానయ్. కర్టెన్లు తీసేసిన, చాపలు తీసేసిన, ఫ్యాన్ బంద్ చేసిన. అయినా వస్తానయ్. వచ్చే గురువారం బయటినుంచి కమిటీ వస్తాంది. నీలం ఏడినుంచి వస్తాందో చెప్పకుంటె చిప్పలల్ల దొరికిన నీలమంత కొట్టేస్తరు. దొరికినదాంట్ల సగానికెక్కువ నీలమే. రెండేండ్ల పని."

నేలకేసి చూస్తున్న అఫ్సానా తలెత్తింది.

"అబ్బా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. గా కోటు పక్కా కాటనేనా?"

కోపం చెయ్యలేదు. లేచి నిలబడ్డాడు. కోటు తీసుకుని లోపలి మడతలోంచి, తన కుట్టు ఒక్కటి కూడా చెడకుండా, గోరంత గుడ్డ కత్తిరించాడు. అగ్గిపుల్ల గీశాడు. గుడ్డ కాగితంలా కాలి, కాగితంలా కమురు వాసన వేసి, వేలితో తాకితే బూడిదై రాలింది.

"పాలిస్టరైతె ముడుచుకోని నల్ల పూసైతది. గిది బూడిదైంది, చూసినవా. నీ అబ్బ ముప్పై ఎనిమిదేండ్లల్ల గుడ్డ విషయంల ఎవ్వల్ని మోసం చెయ్యలే."

"మాఫ్ చెయ్యి అబ్బా," అంది అఫ్సానా.

ఖాజా మాఫ్ చేశాడు. పెద్ద మనసు చేసుకుని ఇంకో మాట కూడా అన్నాడు: "పోగులు చూసుడు నా పని. రేపు నన్ను తీస్కపో. ఒకపారి చూస్త."

మరునాడు ఈద్‌కు కుట్టుకున్న కాటన్ కుర్తా పైజామా వేసుకుని, కూతురి స్కూటీ వెనక మహారాజులా కూర్చుని హన్మకొండ పోయాడు. ల్యాబు తలుపు దగ్గర సుప్రియ మేడం ఎదురొచ్చి, "రండి ఖాజాగారూ, మీ కోటు గురించి మా స్టూడెంట్స్ అందరికీ తెలుసు," అంది.

"అది సమోసా కాదు మేడం."

"తెలుసండీ. అఫ్సానా ముందే చెప్పింది."

అఫ్సానా కోటు తొడుక్కుని, ఖాళీ గిన్నె కాగితాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఖాజా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒక కన్ను మూసి వంగాడు. సూదిలో దారం ఎక్కించినన్నిసార్లు ఆయన రెప్పే వేసి ఉండడు. ఆ చూపుకు తెల్లటి మైదానం ఒకటి కనిపించింది. మైదానం మధ్యలో నీలం పోగు. గుండ్రంగా, నున్నగా, ఎక్కడా సన్నం లావు లేకుండా ఒక్క తీరున ఉంది. మీద కొత్త పెళ్లికూతురి మెరుపు.

ఖాజా తల ఎత్తలేదు.

సంతకం చేసినవాడికి తన సంతకం చదవడానికి ఎంతసేపు పడుతుంది. ఆ నీలం ఏ దారపు కండెదో, ఆ కండె తన డబ్బాలో ఏ మూల ఉందో కూడా తెలిసిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లలో గుడ్డ ఏమిటని అడగని గిరాకీ లేడు, దారం ఏమిటని అడిగిన గిరాకీ లేడు. అడగనిదాన్ని ఆయన కూడా అనుకోలేదు. దర్జీ దృష్టిలో గుడ్డంటే గుడ్డ. దారం దారం కాదు, తన చెయ్యి. చేతిని ఎవరు కాల్చి చూసుకుంటారు.

పక్కనే కూతురు నిలబడి ఉంది. ఆ జేబు సరిగ్గా గిన్నె మీదికి వస్తోంది. ఏ గిన్నె మీదికి వంగినా ముందు ఆల్చిప్పే వంగుతోంది.

ఒక ఉపాయం తోచింది, చాలా తేలికైనది. ఉతికి తెస్తానని కోటు ఇంటికి తీసుకుపోయి ఆ పేరూ బొమ్మా విప్పేస్తే రేపటినుంచి నీలం రాదు. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. కుట్టు విప్పితే చాలు, గుట్టు మిగులుతుంది. కొత్తవాడలో పటం పటంలాగే ఉంటుంది. కాని అప్పుడు ఆ పాత నీలం ఎక్కడినుంచి వచ్చిందో గురువారం నాడు అఫ్సానా చెప్పలేకపోతుంది. తన పరువు అతుకు పడి, ఆమె పని చిరుగు పడుతుంది.

జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. అది లేకుండా ఆయన నిఖాకు కూడా పోలేదు.

"బేటీ, కదలకు," అని ఆల్చిప్ప అంచు దగ్గర నూగు లేచిన దారం కొస కత్తిరించి ఆమె అరచేతిలో పెట్టాడు. "దీన్ని దాని పక్కకు పెట్టు."

పెట్టింది. చూసింది. మేడాన్ని పిలిచింది. మేడం చూసింది. ఒకే మెరుపు, ఒకే లావు, ఒకే నీలం.

ఖాజా ఇంకో కొస కత్తిరించి స్పిరిట్ దీపం మంటకు చూపించాడు. దారం కాలలేదు. ముడుచుకుని, కరిగి, నల్ల పూసై ఊరుకుంది.

"గుడ్డ కాటనే మేడం. దారం పాలిస్టర్," అన్నాడు. "నిన్న గుడ్డ కాల్చి దబాయించిన, దారాన్ని కాల్చలే. తప్పు నాది, మా బిడ్డది గాదు. మీ పుస్తకంల గట్లనే రాసుకోండ్రి. కొత్తవాడ ఖాజా అని పేరుతోటి రాయుండ్రి."

అఫ్సానా జేబు మీద చెయ్యి వేసుకుంది, ఎవరో దాన్ని కొట్టబోతున్నట్టు. సుప్రియ మేడం కుర్చీ లాగి ఆయన్ను కూర్చోమంది.

"ఖాజాగారూ, మాకు భయమంతా ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పోగుతోనే. తెలిసిందాన్ని పక్కకు తీసేయచ్చు. ఆధారం లేక పది రోజులుగా తిరుగుతున్నాం. మీరు దారంతో సహా ఇచ్చారు." ఆమె పెట్టెలోంచి ఇంకో కాగితం తీసి అద్దం కింద పెట్టింది. "ఇది చిప్పలోంచి వచ్చింది. ఇదీ మీదేనా?"

ఖాజా వంగాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"గీ మూలకున్నది నాది. గది నాది గాదు."

"రెండూ నీలమే గదా అబ్బా," అంది అఫ్సానా.

"నీలమంటె ఒకటనుకున్నవా బేటీ? ఇంకు నీలం, నెమలి నీలం, ఆకాశం నీలం, ఉతికిన నీలం. పదహారు నీలాలల్ల ప్యాంటుకు సరిపోయేదాన్ని ఏరుడే నా బతుకు. నాది నిన్న రాలింది, మెరుస్తాంది. గిది ఎండకు ఎండి, ఉప్పుల నాని, రంగు సచ్చి పొట్టు లేస్తాంది. లావు గూడ ఎక్కువ. వలదో, పడవ తాడుదో. నా దారానికి గింత అనుభవం లేదు."

అఫ్సానా కాగితం వైపు, తండ్రి వైపు మార్చి మార్చి చూసింది. రెండేళ్లు తాను నీలం అని ఒక్క మాటలో రాసుకుంటూ వచ్చింది రెండు రకాల నీలం.

పాత కాగితాలన్నీ మూతలున్న గిన్నెల్లో భద్రంగానే ఉన్నాయి. మూడు రోజులు ఖాజా కొట్టుకు తాళం వేసి ల్యాబులో కూర్చున్నాడు. ఆయన చూసి, "నాది," "నాది గాదు," అనేవాడు. అఫ్సానా విడిగా చూసి రాసుకునేది. ఇద్దరి మాటా కలవని పోగును పక్కన పెట్టేవాళ్లు. అట్లా పక్కన పెట్టాల్సి వచ్చినవి పట్టుమని పది లేవు. రెండు రకాల్లోంచీ కొన్నిటిని, పోగు దేనితో చేసిందో చెప్పే యంత్రం దగ్గరికి హైదరాబాదు పంపింది సుప్రియ మేడం.

ఈలోపు ఖాజాకు సొంత పని ఒకటి పడింది. కొత్త కోటు.

గుడ్డ దొరికింది. కాటన్ దారం కోసం వరంగల్ చౌరస్తా చుట్టూ తిరిగాడు. ప్రతి కొట్టువాడూ కండె చేతిలో పెట్టి, "గట్టి మాల్ చాచా, జన్మల తెగది," అన్నాడు. జన్మలో తెగకపోవడమే కదా తంటా. తాను ముప్పై ఎనిమిదేళ్లు కుట్టిన దారం ఎన్ని ఇళ్లలో ఉతుకు పడిందో, ఉతికిన నీళ్లు ఏ మోరీలో కలిశాయో, మోరీ వాగులో, వాగు గోదాట్లో, గోదారి ఎందులో కలుస్తుందో ఆ నడకలో మొదటిసారి లెక్కకొచ్చింది. రాజమల్లు అడిగిన సముద్రం ఇంత దగ్గరుందని ఇద్దరికీ తెలియదు.

చివరికి ఆ రాజమల్లు గుమ్మంలోకే పోయి నిలబడ్డాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. సమోసా మాట వస్తుందని చూశాడు. రాలేదు. రాజమల్లు మగ్గం దిగి, చిలక్కొయ్యకు వేలాడుతున్న తెల్ల నూలు చిలప తెచ్చి చేతిలో పెట్టాడు.

"జంపఖానా నూలు. అచ్చం పత్తి. మిషన్ల పెడితె తెగుతది భాయ్."

"చేతితో కుడుత."

"కోటు మొత్తమా?"

"బిడ్డ మొత్తం రెండేండ్లు కూసున్నది. నేను రెండు దినాలు కూసోలేనా?"

అనీస్ బేగం నూలుకు గంజి పట్టించి ఆరేసింది. ఖాజా కుట్టడం మొదలుపెట్టాడు. అంతా అయ్యాక గుండీల దగ్గర ఆగిపోయాడు. గుండీ ప్లాస్టిక్. రాలుతుందో రాలదో తెలియదు. తెలియనిదాన్ని ఇక కోటెక్కించేది లేదు. గుండీ లేకపోతే కాజా ఉండదు. అదే గుడ్డతో నాలుగు నాడాలు కుట్టి ముందు ముడి వేసేట్టు పెట్టాడు. ఖాజా చేతిలో కాజా లేకుండా పుట్టిన మొదటి కోటు అది.

అఫ్సానా తొడుక్కుని జేబు తడుముకుంది. "పేరేది అబ్బా?"

"పేరు నేను కుట్టేది గాదు. నువ్వు తెచ్చుకునేది."

కొత్త కోటుతో నాలుగుసార్లు ఖాళీ గిన్నె పెట్టారు. నాలుగుసార్లూ నీలం లేదు. బుధవారం సాయంత్రం హైదరాబాదు నుంచి కబురొచ్చింది. ఖాజా నాది అన్నవన్నీ పాలిస్టర్. నాది కాదన్నవి నైలాన్, వలల్లో వాడేదే. చిప్పల్లో దొరికిన నీలంలో మూడో వంతు కొత్తవాడది. మిగతాది సముద్రం దాచిపెట్టింది.

గురువారం ఖాజా చివరి వరసలో కూర్చున్నాడు. నాడాల కోటులో కూతురు తెర ముందు నిలబడి చెప్పే ఇంగ్లీషులో ఆయనకు తెలిసిన మాటలు తక్కువే. కానీ తెర మీద పాత కోటు జేబు, పేరూ ఆల్చిప్పా అన్నీ, గోడంత పెద్దగా కనపడగానే ఆమె ఏం చెబుతోందో అర్థమైంది. దాచలేదు, తగ్గించలేదు. మా కోటే తప్పు చేసింది, ఇట్లా పట్టుకున్నాం, ఇంత తీసేశాం, ఇది మిగిలింది, మిగిలింది నిజం. కొలత తప్పిన బట్టను విప్పి గిరాకీ ముందే సరిచేసే దర్జీ గొంతు అది. తన గొంతే.

కమిటీలో తలనెరిసిన పెద్దమనిషి ఒకాయన, "రెండు రకాలనీ మొదట కంటితో వేరు చేసిందెవరు?" అని తెలుగులో అడిగాడు.

"మా నాన్నగారు సార్," అంది అఫ్సానా. "దర్జీ." ఆ చివరి మాట ఆమె డాక్టర్ అన్నంత బరువుగా పలికింది. గదిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఖాజా లేచి నిలబడి కుర్తా ముందు భాగం సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

రెండేళ్ల పని నిలిచింది.

తర్వాతి వారం కొట్లో గోడ మీది పటంలోంచి పాత జేబు ఫోటో దిగిపోయింది. దాని చోట ఇంకో ఫోటో ఎక్కింది. నల్లటి నేల మీద తెల్లటి గుండ్రటి బిళ్ల. అంతే. ఇప్పుడు కొలతకు వచ్చినవాళ్లను ఖాజా ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాడు: "గుడ్డ సరే, దారమేది పెట్టమంటవ్?" ఆ ప్రశ్న అర్థంకాక వాళ్లు గోడ వైపు చూస్తారు. అక్కడా అర్థం కాదు.

రాజమల్లు కూడా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏంది భాయ్ గిది? పున్నం చంద్రుడా, కాల్చని అప్పడమా?"

"అఫ్సానా ఖాళీ గిన్నె కాగితం. కొత్త కోటు ఏసుకున్ననాడు తీసింది. సరిగ చూడు."

రాజమల్లు దగ్గరికి పోయి, పటానికి ముక్కు ఆనేదాకా పోయి, నేత పోగు వెతికే కళ్లతో ఈ అంచునుంచి ఆ అంచుదాకా వెతికాడు.

"ఏం లేదు గదా."

"ఏం లేదు," అన్నాడు ఖాజా, మిషను మీద చెయ్యి వేసి, మొత్తం వీధికి వినపడేట్టు. "గది నేను కుట్టిన."